కంకర మీద ఏబీఎస్ బండి ఎందుకు ఆగలేదు?

ప్రశ్న: మాది అనకాపల్లి. ఇటీవల కుటుంబంతో లంబసింగి వెళ్లి, తిరుగు దారిలో నర్సీపట్నం వైపు ఘాట్ దిగుతున్నాం. ఒకచోట రోడ్డు పని జరుగుతూ తారు తీసేసి కంకర పరిచి ఉంది. వేగం 40 కిలోమీటర్లు దాటలేదు. మలుపు తిరగగానే ఎదురుగా ఆగి ఉన్న లారీ కనిపించింది. బ్రేకు గట్టిగా తొక్కితే పెడల్ గర్రుమంటూ కాలిని వెనక్కి తోసింది. బ్రేకులు పోయాయనుకుని కాలు తీసి మళ్లీ తొక్కాను. బండి ఆగలేదు. లారీని తప్పించి కొండవైపు మట్టికట్టకు గుద్దాను. ఎవరికీ దెబ్బలు తగల్లేదు కానీ బంపరు విరిగింది. మా మెకానిక్ చూసి, ‘ఇది ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు లాక్ కాకుండా చూసే ఏర్పాటు) చేసిన పని. దాని ఫ్యూజు పీకేస్తే పాత బండిలా చక్కగా ఆగుతుంది’ అంటున్నాడు. నేను అంబాసిడర్ కాలం నుంచి కారు నడుపుతున్నవాణ్ణి. జారే రోడ్ల మీద ఏబీఎస్ మేలు చేస్తుందా, కీడు చేస్తుందా? ఫ్యూజు తీయించమంటారా? మరో సంగతి. మా అబ్బాయి ఈ ఏడాదే అమెరికాలో మిన్నెసోటా వెళ్లాడు, అక్కడ కారు కొన్నాడు. మంచు కాలం రాబోతోంది. వాడికి ఏమి చెప్పాలి?

సమాధానం: ఫ్యూజు తీయించకండి. మిగతా సంగతులు ఎన్ని మాట్లాడుకున్నా ఈ మాట మారదు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

అలాగని మీ మెకానిక్‌ను తప్పు పట్టి ఊరుకోలేను. కంకర మీద ఏబీఎస్ వల్ల బండి కొంచెం ఎక్కువ దూరం పోతుందన్న మాట నిజం. కార్లు తయారు చేసేవాళ్లే ఆ సంగతి రాసి ఇస్తారు. కారుతో పాటు ఇచ్చిన పుస్తకం ఒకటి ఉంటుంది. చాలామంది కార్లలో అది ఇంకా ప్లాస్టిక్ కవరులోనే ఉంటుంది. తీసి బ్రేకుల గురించి రాసిన పేజీలు చూడండి. కంకర, వదులు మట్టి, మంచు ఉన్న రోడ్ల మీద ఏబీఎస్ ఉన్న వాహనం ఆగడానికి, లేని వాహనం కన్నా ఎక్కువ దూరం పట్టవచ్చని దాదాపు ప్రతి కంపెనీ ఒక హెచ్చరిక వేస్తుంది. షోరూములో మాత్రం ఆ పేజీ తెరిచి చూపించేవాళ్లు లేరు. ‘ఏబీఎస్ ఉంది సార్, ఎక్కడ తొక్కితే అక్కడ ఆగుతుంది’ అనే చెబుతారు. డబ్బు కట్టిన మనిషి అదే నమ్మి ఘాట్ ఎక్కుతాడు.

ఏబీఎస్ పెట్టింది తక్కువ దూరంలో ఆపడం కోసమే కాదు. బ్రేకు ఎంత గట్టిగా తొక్కినా స్టీరింగు పనిచేస్తూ ఉండాలన్నది దాని మొదటి ఉద్దేశం. చక్రం పూర్తిగా లాక్ అయిందంటే టైరు దొర్లడం మానేసి ఈడ్చుకుపోతుంది. అలా ఈడ్చుకుపోయే టైరును మీరు ఎటు తిప్పినా ఒకటే. బండి ఏ దిక్కున పోతోందో ఆ దిక్కునే పోతుంది. ఏబీఎస్‌లో ప్రతి చక్రం దగ్గరా ఒక సెన్సరు ఉండి, చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో కనిపెడుతూ ఉంటుంది. ఒక చక్రం మిగతావాటి కన్నా హఠాత్తుగా నెమ్మదించి లాక్ కాబోతోందంటే, ఆ చక్రానికి పోయే బ్రేక్ ఆయిల్ ఒత్తిడిని క్షణంపాటు తగ్గిస్తుంది, మళ్లీ పెంచుతుంది, మళ్లీ తగ్గిస్తుంది. సెకనుకు పది పదిహేను సార్లు ఇది జరుగుతుంది. మీ కాలికి తగిలిన అదురు, చెవికి వినిపించిన గర్రు అదే. బ్రేకు పాడైన చప్పుడు కాదది, ఏబీఎస్ తన పని తాను చేస్తున్న చప్పుడు.

చక్రాలు లాక్ కాకుండా చూసే ఏర్పాటు మొదట విమానాలకు వచ్చింది. కార్లలో ఎలక్ట్రానిక్ పద్ధతిలో బాష్ కంపెనీ తయారు చేసినది 1978లో మెర్సిడెస్ ఎస్ క్లాస్‌లో అమ్మకానికి వచ్చింది. తారు, కాంక్రీటు రోడ్ల మీద, ముఖ్యంగా అవి తడిసినప్పుడు, దానికి సాటి లేదు. గట్టి నేల మీద టైరుకు గరిష్ఠమైన పట్టు దొరికేది పూర్తిగా దొర్లేటప్పుడూ కాదు, పూర్తిగా లాక్ అయినప్పుడూ కాదు. నూటికి పది నుంచి ఇరవై వంతుల జారుడుతో దొర్లేటప్పుడు. ఏబీఎస్ చక్రాన్ని ఆ దరిదాపుల్లో ఉంచడానికి చూస్తుంది. అందుకే తడి తారు మీద అది బండిని తొందరగానూ ఆపుతుంది, అదుపులోనూ ఉంచుతుంది.

కంకర మీదకు వచ్చేసరికి ఈ లెక్క తిరగబడుతుంది. వదులుగా ఉన్న నేల మీద చక్రం లాక్ అయితే టైరు కిందికి దిగి, నాగలి కర్రు ముందు మట్టి పోగైనట్టు తన ముందు కంకరను కుప్ప చేసుకుంటుంది. ఆ కుప్పే బండికి అడ్డం పడి ఆపుతుంది. ఏబీఎస్ చక్రాన్ని లాక్ కానివ్వదు, దొర్లిస్తూనే ఉంటుంది. దొర్లే టైరు కుప్ప మీదకు ఎక్కి అవతలికి దిగిపోతుంది. కొత్తగా పడిన లోతైన మంచులోనూ, ఇసుకలోనూ జరిగేది ఇదే. అమెరికా ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ 1999లో ప్రచురించిన పరీక్షల్లో, వదులు కంకర మీద ఏబీఎస్ వల్ల ఆగే దూరం సగటున 27.2 శాతం పెరిగింది. మిగతా చాలా రకాల నేలల మీద, బ్రేకు పూర్తిగా తొక్కి పట్టినప్పుడు, ఏబీఎస్ ఉన్న వాహనాలే తక్కువ దూరంలో ఆగాయి. కంకర ఒక్కటే ఏబీఎస్‌ను అంత స్పష్టంగా ఓడించింది.

ఈ శాతాన్ని మీ సంఘటనకు అన్వయించి చూద్దాం. కంకర మీద 40 కిలోమీటర్ల వేగంలో చక్రాలు లాక్ చేసుకుని ఆగే బండికి, సమతలమైన నేల అనుకుంటే, సుమారు పదిన్నర మీటర్లు పడుతుంది. ఏబీఎస్ ఉన్న బండికి సుమారు 13 మీటర్లు. తేడా మూడు మీటర్ల లోపే. వినడానికి చిన్నదే, కానీ మొదటి బండి పూర్తిగా ఆగిన చోటికి వచ్చేసరికి రెండో బండి ఇంకా గంటకు 18 కిలోమీటర్ల వేగంలో ఉంటుంది. ఆ వేగం బంపరు విరగడానికి సరిపోతుంది. ఘాట్ దిగుతున్నారు కాబట్టి వాలు రెండు లెక్కలనూ ఇంకొంచెం పెంచుతుంది.

ఇప్పుడు కొంచెం కష్టమైన మాట చెప్పాలి. పెడల్ అదిరినప్పుడు మీరు కాలు తీసి మళ్లీ తొక్కానని రాశారు. అప్పటికి వేగం 30 కిలోమీటర్లకు తగ్గిందనుకున్నా, అర సెకను బ్రేకు లేకుండా పోతే బండి నాలుగు మీటర్లు దొర్లుతుంది. అంటే ఏబీఎస్ మీ దగ్గర మూడు మీటర్లు తీసుకుంటే, మీ కాలు నాలుగు మీటర్లు తీసుకుంది. మెకానిక్ మొదటిది చూశాడు, రెండోదాని గురించి మిమ్మల్ని అడగలేదు.

తప్పు మీదని అనడం లేదు. ఏబీఎస్‌కు ఉన్న లోపాల్లో ఇది పెద్దది, దీన్ని గురించి చాలా తక్కువ మాట్లాడతారు. ప్రాణం మీదకు వచ్చిన క్షణంలో అది చేసే పని అచ్చం బ్రేకు చెడిపోయినట్టే ఉంటుంది. అంతకు ముందు ఒక్కసారి కూడా ఆ అదురు ఎరుగని మనిషి కాలు ఎత్తకుండా ఉంటే ఆశ్చర్యపడాలి. పైగా మీది అంబాసిడర్ కాలపు కాలు. ఆ రోజుల్లో తడి రోడ్డు మీద చక్రాలు లాక్ కాకుండా కొట్టి వదిలి, కొట్టి వదిలి బ్రేకు వేయడమే మంచి డ్రైవరు లక్షణం. అంటే అప్పట్లో ఏబీఎస్ చేసే పనిని మీ కాలే చేసేది. ఇప్పుడు అదే పని ఇద్దరూ చేయబోతే చెడుతుంది. మీరు వదిలిన ప్రతిసారీ బ్రేకుకు వెళ్లే ఒత్తిడి పడిపోతుంది. ఏబీఎస్ బండిలో ఆపద వచ్చినప్పుడు చేయాల్సింది ఒకటే. పెడల్‌ను పూర్తిగా తొక్కి, బండి ఆగేదాకా పట్టి ఉంచాలి. అది అదిరినా, అరిచినా, వెనక్కి తోసినా వదలకూడదు. చేతులతో బండిని ఖాళీ ఉన్న వైపు తిప్పాలి.

తిప్పడం గురించి ఇంకో మాట. లారీని తప్పించి కొండవైపు వెళ్లానని మీరే రాశారు. చక్రాలు లాక్ అయి ఉంటే ఆ తప్పించడం కుదిరేది కాదు. బండి తిన్నగా లారీ వెనక్కి పోయేది, లేదా రోడ్డు ఎటు వాలి ఉంటే అటు జారేది. ఘాట్‌లో అది లోయ వైపు కూడా కావచ్చు. మూడు మీటర్లు ఎక్కువ తీసుకున్న ఏబీఎస్సే మీకు స్టీరింగు మిగిల్చింది. బేరం ఇది. మీ బంపరు ఆ బేరంలో పోయింది.

ఫ్యూజు తీస్తే పాత బండి అవుతుందన్న మాట దగ్గర మెకానిక్ ఘోరంగా పొరబడ్డాడు. ఈనాటి కారులో ఏబీఎస్ ఒంటరిగా ఉండదు. ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ బ్రేకు ఎంతెంత పంచాలో నిర్ణయించే ఈబీడీ కూడా ఏబీఎస్‌ను నడిపే పెట్టెలోనే ఉంటుంది. బండి పక్కకు తిరగబోతే ఏదో ఒక చక్రానికి మాత్రమే బ్రేకు వేసి సరిచేసే ఈఎస్‌సీ ఉన్న కార్లలో అదీ ఆ పెట్టె మీదే ఆధారపడుతుంది. ఫ్యూజు పీకితే ఇవన్నీ ఒక్కసారే పోతాయి. ఘాట్ దిగుతూ గట్టిగా బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందుకు వాలి వెనుక చక్రాలు తేలికవుతాయి. పంపకం చేసేవాడు లేకపోతే ఆ తేలిక చక్రాలే ముందు లాక్ అవుతాయి. వెనుక చక్రాలు లాక్ అయిన బండి చుట్టూ తిరిగిపోతుంది. పాత బండ్లలో వెనుక బ్రేకుల జోరు తగ్గించే ఏర్పాటు వేరుగా, యాంత్రికంగా ఉండేది. నేటి బండ్లలో చాలావాటికి అది లేదు. కాబట్టి ఫ్యూజు తీసిన కొత్త బండి పాత బండి కాదు, అంతకన్నా ప్రమాదకరమైన బండి. బీమా క్లెయిము దగ్గర కూడా ప్రశ్నలు వస్తాయి. అన్నిటికీ మించి, మీరు కంకర మీద నడిపేది ఏడాదిలో ఎంత? తడి తారు మీద నడిపేది ఎంత?

ఏబీఎస్ లోపాలు అడిగారు కాబట్టి మిగిలినవీ చెబుతాను. గతుకుల రోడ్డు మీద, వరుసగా అలల్లా ఎత్తుపల్లాలు పడిన మట్టిరోడ్డు మీద బ్రేకు వేస్తే చక్రం క్షణంపాటు గాలిలోకి లేస్తుంది. నేల తగలని చక్రం బ్రేకుకు వెంటనే లాక్ అవుతుంది. జారుతోందనుకుని ఏబీఎస్ ఒత్తిడి వదులుతుంది. చక్రం మళ్లీ నేలకు తగిలేసరికి బ్రేకు ఉండదు. హైవే మీద స్పీడు బ్రేకర్ల ముందు వేసే గీరల పట్టీల మీద ఆలస్యంగా బ్రేకు తొక్కినవాళ్లకు ఈ అనుభవం తెలిసే ఉంటుంది. గుంత వచ్చాక కాదు, గుంత ముందే బ్రేకు వేసి, గుంతలోకి దిగేటప్పుడు వదలాలి.

మలుపులో అతివేగంగా దూరిన బండిని ఏబీఎస్ రక్షించదు. టైరుకు ఉన్న పట్టంతా మలుపు తిరగడానికే అయిపోతే బ్రేకుకు ఇవ్వడానికి ఏమీ మిగలదు. బ్రేకు పని మలుపుకు ముందు, తిన్నని రోడ్డు మీదే ముగించుకోవాలి. ఘాట్ దిగేటప్పుడు రెండో గేరులో, అవసరమైతే మొదటి గేరులో దిగాలని మీకు నేను చెప్పక్కర్లేదు. కానీ జారే చోట గేరు ఒక్కసారిగా దించి క్లచ్ టప్పున వదిలితే ఇంజినే చక్రాలను బిగించేస్తుంది. ఆ బిగింపును ఏబీఎస్ విడిపించలేదు. అది వదలగలిగింది బ్రేకు ఒత్తిడిని మాత్రమే. హ్యాండ్ బ్రేకు లాగితే బిగుసుకున్న వెనుక చక్రాల మీద కూడా మామూలు కార్లలో దానికి అధికారం లేదు.

కొన్ని ఖరీదైన ఫోర్ వీల్ డ్రైవ్ వాహనాల్లో మట్టి, ఇసుక, కంకర రోడ్లకు వేరే మీట ఉంటుంది. అది నొక్కితే ఏబీఎస్ తక్కువ వేగంలో చక్రాలను కాస్త ఎక్కువసేపు లాక్ కానిస్తుంది, కంకర కుప్ప పడనిస్తుంది. లోపం లేకపోతే ఆ మీట అక్కడ ఎందుకుంటుంది? మామూలు కార్లు కొనేవాళ్లకు ఆ వెసులుబాటు లేదు, వేగం తగ్గించుకోవడమే.

ఇక యంత్రానిది కాని లోపం ఒకటుంది. 1980ల్లో జర్మనీలోని మ్యూనిక్ నగరంలో ఒక టాక్సీ సంస్థ కార్లలో కొన్నింటికి ఏబీఎస్ పెట్టి, కొన్నింటికి పెట్టకుండా చాలాకాలం గమనించారు. ఏబీఎస్ ఉన్న టాక్సీలకు ప్రమాదాలు తగ్గుతాయని అందరూ అనుకున్నారు. తగ్గలేదు. ఆ టాక్సీల డ్రైవర్లు ఇంకా దురుసుగా నడపడం, ముందు బండికి దగ్గరగా పోవడం కనిపించింది. యంత్రం ఇచ్చిన భద్రతను మనిషి వేగంగా మార్చుకుని ఖర్చు పెట్టేశాడన్నమాట. అమెరికా రహదారి భద్రతా సంస్థ 2009లో వెలువరించిన దీర్ఘకాలిక పరిశీలన కూడా ఆలోచింపజేసేదే. ఏబీఎస్ వల్ల మొత్తం ప్రమాదాలు కార్లలో 6 శాతం, వ్యాన్లు, పికప్‌ల వంటి వాహనాల్లో 8 శాతం తగ్గాయి. ప్రాణాలు తీసే ప్రమాదాల మీద మాత్రం నికర ప్రభావం దాదాపు సున్నా. తడి రోడ్ల మీద వాహనాలు ఒకదాన్ని ఒకటి గుద్దుకోవడం, పాదచారులను గుద్దడం తగ్గాయి. బండి ఒంటరిగా రోడ్డు దిగిపోయి జరిగే ప్రమాదాలు పెరిగి ఆ లాభాన్ని మింగేశాయి. స్టీరింగు పనిచేస్తూ ఉండటంతో, బెదిరిన మనిషి దాన్ని అతిగా తిప్పి రోడ్డు బయటికి పోతున్నాడా అన్న అనుమానం అప్పట్లో నిపుణులకు వచ్చింది. తరవాత వచ్చిన ఈఎస్‌సీ ఆ లోటును చాలావరకు పూడ్చింది. మీరు కొత్త కారు కొనే ఆలోచనలో ఉంటే సన్‌రూఫ్ గురించి కాక ఈఎస్‌సీ గురించి అడగండి.

మన దగ్గర జారే రోడ్డంటే కంకర ఒక్కటే కాదు. తొలకరి జల్లు పడిన మొదటి అరగంట తారు మీద నెలల తరబడి పేరుకున్న నూనె, దుమ్ము కలిసి జిగురవుతాయి. గట్టి వాన పడి కడిగేశాక రోడ్డు కొంత నయం. నాట్ల కాలంలో దమ్ము చక్రాలతో ట్రాక్టరు పొలం లోంచి రోడ్డెక్కితే దాని వెనుక బారెడు పొడవున బురద గడ్డలు పడి ఉంటాయి. కోతల కాలంలో సగం రోడ్డు మీద ధాన్యం, మొక్కజొన్నలు ఆరబోస్తారు. గింజలు టైరు కింద దొర్లుతాయి. బురద మీదా గింజల మీదా పట్టే లేదు, ఏబీఎస్ ఎక్కడి నుంచి తెస్తుంది? ఉన్న పట్టును పొదుపుగా వాడటమే దానికి తెలుసు, లేనిదాన్ని పుట్టించడం తెలియదు. నీళ్లు నిలిచిన చోట వేగంగా పోతే టైరు నీటి మీద తేలుతుంది. అక్కడా అంతే. అందుకే టైరు గాడుల లోతు చూసుకోవాలి. చట్ట ప్రకారం కార్లకు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి, వానాకాలానికి అంతకు రెట్టింపు ఉంటేనే నిశ్చింత. ఎదురు బస్సుకు దారి ఇస్తూ ఎడమ చక్రాలు మట్టి మార్జిన్‌లోకి దించినప్పుడు గట్టిగా బ్రేకు తొక్కవలసి వస్తే మాత్రం ఏబీఎస్‌కు దండం పెట్టుకోవచ్చు. ఒక పక్క తారు, ఒక పక్క బురద ఉన్నప్పుడు, అది లేని బండి గిర్రున తిరిగిపోతుంది.

బైకుల వాళ్లూ ఈ ప్రశ్న వేస్తుంటారు కాబట్టి క్లుప్తంగా. మన దేశంలో 125 సీసీ దాటిన బైకుల్లో కొత్త మోడళ్లకు 2018 ఏప్రిల్ నుంచి, అప్పటికే ఉన్న మోడళ్లకు 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి. చాలా బైకుల్లో అది ముందు చక్రానికి మాత్రమే ఉంటుంది. వెనుక చక్రం లాక్ అవుతుంది, తోక ఊపుతుంది. బండి వాల్చి మలుపు తిరుగుతుండగా బ్రేకు నొక్కితే మామూలు ఏబీఎస్ పడిపోకుండా కాపాడుతుందన్న హామీ లేదు. అయినా కారు సంగతి వేరు, బైకు సంగతి వేరు. బైకు ముందు చక్రం లాక్ అయితే మనిషి కింద పడటమే. అమెరికాలో బీమా సంస్థల భద్రతా అధ్యయనాల ప్రకారం, ఏబీఎస్ ఉన్న మోటారు సైకిళ్లకు ప్రాణాంతక ప్రమాదాలు 22 శాతం తక్కువ. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ వంటి బైకుల్లో మట్టిరోడ్ల కోసం వెనుక చక్రం ఏబీఎస్‌ను ఆపే మీట ఇచ్చారు, ముందు చక్రానిది ఉంచారు. ఏది వదులుకోవచ్చో ఏది వదులుకోకూడదో అందులోనే ఉంది.

మీరు చేయవలసిన పని ఒకటుంది. కారు బాగుపడ్డాక, మనుషులూ పశువులూ తిరగని మట్టి మైదానం చూసుకుని, పక్కన ఎవరినీ కూర్చోబెట్టుకోకుండా, 30 కిలోమీటర్ల వేగంలో బ్రేకును ఒక్కసారిగా అడుగంటా తొక్కి పట్టండి. పెడల్ అదురు కాలికి పరిచయం కావాలి. రెండోసారి తొక్కుతూనే స్టీరింగు కొంచెం పక్కకు తిప్పి చూడండి, బండి వింటుంది. ఇంట్లో కారు నడిపే ప్రతివాళ్ల చేతా ఇది చేయించండి. తాళం తిప్పినప్పుడు మీటర్ల దగ్గర ఏబీఎస్ దీపం వెలిగి కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోతే సెన్సరుకు బురద పట్టిందో, తీగ తెగిందో చూపించుకోవాలి. దీపం వెలుగుతున్నా మామూలు బ్రేకులు పనిచేస్తాయి కానీ చక్రాలు లాక్ అవుతాయని గుర్తుంచుకుని నెమ్మదిగా షెడ్డుకు చేర్చాలి.

ఇక మీ అబ్బాయి. వాడి కారు 2012 మోడలో ఆ తరవాతదో అయితే అమెరికా నిబంధనల ప్రకారం ఈఎస్‌సీ ఉంటుంది, దానితో ఏబీఎస్ కూడా. అంతవరకు మంచిదే. కానీ లెక్కలు ఒకసారి చూపించండి. 50 కిలోమీటర్ల వేగంలో పొడి తారు మీద బ్రేకు పట్టాక 12 మీటర్లలో ఆగే బండికి, తొక్కుడుపడి గట్టిపడిన మంచు మీద సుమారు 50 మీటర్లు, నున్నటి గడ్డ మంచు మీద 100 మీటర్లు పడుతుంది. కొద్దిపాటి వాలు ఉంటే ఇంకా ఎక్కువ. కొత్తగా పడిన మెత్తటి మంచులో మీ కంకర కథే జరుగుతుంది, ఏబీఎస్ వల్ల దూరం పెరుగుతుంది. గడ్డకట్టిన మంచు మీద లాక్ అయిన చక్రానికి ముందు పోగుపడేది ఏమీ ఉండదు కాబట్టి ఏబీఎస్ తీసేసినా ఒరిగేది లేదు. ఏబీఎస్ ఉంటే స్టీరింగు మిగలడం ఒక్కటే లాభం, అదీ అంతంతమాత్రం. బాగా నెమ్మదించాక, నడక కన్నా కొంచెం ఎక్కువ వేగంలో, ఏబీఎస్ పనిచేయడం మానేస్తుంది. కూడలి దగ్గర ఆగబోతూ చివరి రెండు గజాలు నిశ్శబ్దంగా జారి ముందు కారును ముద్దు పెట్టుకోవడం అక్కడ మామూలే. అందుకని ఎర్ర దీపం చాలా దూరంలో ఉండగానే కాలు యాక్సిలరేటర్ మీద నుంచి తీసేయాలి.

వంతెనలు మిగతా రోడ్డు కన్నా ముందే గడ్డకడతాయి, కింద నుంచీ గాలి తగులుతుంది కనుక. తారు నల్లగా, తడిగా మెరుస్తోంది గదా అనుకున్న చోట కంటికి కనిపించని మంచు పొర ఉండవచ్చు. అక్కడ బ్రేకు, స్టీరింగు రెండూ మెత్తగా వాడాలి. క్రూయిజ్ కంట్రోల్ ఆ నాలుగైదు నెలలు మరిచిపోవాలి. ‘నాది ఆల్ వీల్ డ్రైవ్, నాకేం భయం’ అని స్నేహితులు ఎవరైనా అంటే నమ్మవద్దని చెప్పండి. నాలుగు చక్రాలకు ఇంజిన్ బలం అందితే మంచులో కదలడం తేలిక. ఆగడానికి ఏ కారుకైనా నాలుగు చక్రాలకూ బ్రేకులు ఉంటాయి, అందులో దాని గొప్ప ఏమీ లేదు. మొదటి మంచు పడిన ఆదివారం పొద్దున్నే ఖాళీగా ఉన్న పెద్ద పార్కింగ్ స్థలానికి వెళ్లి, మీరు మట్టి మైదానంలో చేసే అభ్యాసమే వాడు అక్కడ చేయాలి.

డబ్బు ఖర్చు పెట్టవలసింది టైర్ల మీద. చలికాలపు టైర్ల రబ్బరు చలిలో కూడా మెత్తగా ఉండి నేలను పట్టుకుంటుంది. వేసవి టైర్లు ఉష్ణోగ్రత 7 డిగ్రీల కన్నా పడిపోతే గట్టిపడటం మొదలుపెడతాయి, మిన్నెసోటాలో అది సున్నాకు చాలా కిందికి పోతుంది. ఏడాది పొడవునా వాడే టైర్లు చాలామంది వాడుతూనే ఉంటారు, కానీ మంచు మీద ఆగే దూరాన్ని ఏబీఎస్ కన్నా ఎక్కువగా తగ్గించేది ఈ చలికాలపు టైర్లే. కొంటే నాలుగూ కొనాలి. ముందు రెండింటికే వేస్తే ముందు భాగం పట్టుకుని వెనుక భాగం జారి బండి తిరిగిపోతుంది. నాలుగు టైర్లా, అంత డబ్బా అని అబ్బాయి నసిగితే, వీటి మీద తిరిగినన్నాళ్లూ పాత టైర్లు గ్యారేజీలో అరగకుండా పడి ఉంటాయి కదా అని చెప్పండి.